ప్రొపెల్లర్ షాఫ్ట్ అదురు: టైర్లు రెండుసార్లు బ్యాలెన్స్ చేయించినా పోవడం లేదు, దారి చెప్పండి

కొండదారి:
అందరికీ నమస్కారం. ఆరు నెలలుగా ఒక అదురు నన్ను వదలడం లేదు. బండి పాత ఫోర్‌బైఫోర్, ముందూ వెనకా కమాన్ కట్టలే. మామూలుగా వెనక చక్రాల మీదే నడుస్తుంది, అవసరమైతే ముందు చక్రాలకు లివర్ వేసుకోవాలి. రెండు అంగుళాలు ఎత్తు పెంచి 31 అంగుళాల టైర్లు వేయించాను. అప్పటి నుంచే ఈ గోల.

55 దాకా హాయిగా వెళ్తుంది. 60 దాటగానే సీటు కింద మొదలవుతుంది, 70 దగ్గర వెనక చూసే అద్దంలో బొమ్మ చెదిరిపోతుంది, 85 దాటితే కాస్త తగ్గినట్టు ఉంటుంది. స్టీరింగ్ మాత్రం నిలకడగానే ఉంటుంది. టైర్లు రెండుసార్లు బ్యాలెన్స్ చేయించాను, ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్చాను. తేడా లేదు. వర్క్‌షాపులో అడిగితే "లిఫ్ట్ చేసిన బండికి ఇది మామూలే" అన్నారు. నా మనసు ఒప్పుకోవడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

గ్రీజుగన్:
మామూలు కాదు తమ్ముడూ. సరిగ్గా లిఫ్ట్ చేసిన బండి 70లో నీళ్ల గ్లాసు ఒలకకుండా వెళ్లాలి. ముందు నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పు, ఏ పార్టూ కొనకు.

70లో వెళ్తూ క్లచ్ తొక్కి న్యూట్రల్ చేస్తే అదురు ఉంటుందా, పోతుందా? యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఎక్కువా, వదిలేసినప్పుడు ఎక్కువా? మొదటి గేర్ నుంచి రివర్స్‌కి మార్చి క్లచ్ వదిలితే కింద నుంచి "టక్" మని వినిపిస్తుందా? గోడ పక్కన మెల్లగా వెళ్తుంటే పిచ్చుక కూసినట్టు కిచకిచ వస్తుందా?

కొండదారి:
అన్నా, ఇవాళ పొద్దున్నే వెళ్లి చూశాను. న్యూట్రల్ చేసినా అదురు పోలేదు, కానీ సగానికి తగ్గింది. యాక్సిలరేటర్ తొక్కితే బాగా ఎక్కువ. రివర్స్‌కి మారిస్తే "టక్" స్పష్టంగా ఉంది. కిచకిచ నేను వినలేదు, మా తమ్ముడు బయట నిలబడి విన్నాడు. నేను ఇన్నాళ్లూ అది బ్రేక్ శబ్దం అనుకున్నాను.

గ్రీజుగన్:
న్యూట్రల్‌లో కూడా ఉందంటే ఇంజిన్ కాదు. లోడ్ పెరిగితే అదురు పెరుగుతోందంటే ఉత్త బ్యాలెన్స్ గొడవ కూడా కాదు, బ్యాలెన్స్ తప్పితే వేగాన్ని బట్టే ఉంటుంది, కాలు తొక్కావా వదిలావా అన్నదానితో పెద్ద పని ఉండదు. "టక్", కిచకిచ రెండూ ఉన్నాయి కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్ట్ (వెనక యాక్సిల్‌కి శక్తి మోసే పొడవాటి గొట్టం) చివరి జాయింట్‌లో క్రాస్, అంటే కూడిక గుర్తులా ఉండే ఇనుప ముక్క, ఎండిపోయి అరిగింది. కనీసం ఒకటి. అయితే అదొక్కటే కారణమని ఇప్పుడే అనుకోకు.

లెక్కలమనిషి:
ఒక చిన్న లెక్క చెప్తాను, దేని అదురు ఏదో పోల్చుకోవడానికి పనికొస్తుంది. 31 అంగుళాల టైరు చుట్టుకొలత సుమారు 2.47 మీటర్లు. 60 వేగంలో చక్రం సెకనుకు 6.7 సార్లు తిరుగుతుంది. డిఫరెన్షియల్ రేషియో (చక్రం ఒక చుట్టు తిరిగితే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతుందో) 4.1 అనుకుంటే షాఫ్ట్ సెకనుకు 27 సార్లకు పైగా తిరుగుతుంది. చక్రం తేడా అయితే ఊగుడులా తెలుస్తుంది, కాఫీ కప్పు ఊగినట్టు. షాఫ్ట్ తేడా అయితే జుమ్ మని ఉంటుంది. జాయింట్ కోణం తేడా ఇంకా సన్నగా ఉంటుంది, ఎందుకంటే అది ఒక చుట్టుకు రెండుసార్లు కొడుతుంది. అంటే ఇక్కడ సెకనుకు 55 సార్లు. అద్దంలో బొమ్మ చెదిరిపోతోందన్నారు కదా, అది చక్రం ఊగుడు కాదు.

ఎర్రమట్టి:
కొండదారి గారూ, ఒక్క మాట. చక్రాల రిమ్ముల లోపలి వైపు చెయ్యి పెట్టి చూడండి. నేను బురదలో తిరిగి వచ్చాక పైపైన కడిగేవాడిని. రిమ్ము లోపల ఒక పక్కనే బురద గట్టిగా ఎండిపోయి, రెండు వారాలు ఇదే అదురుతో తిరిగాను. షాఫ్ట్ గొట్టానికి కూడా అలాగే పట్టుకుంటుంది. షాఫ్ట్ కడిగేటప్పుడు ఇంకొకటి చూడండి: గొట్టం చివర బ్యాలెన్స్ కోసం చిన్న ఇనుప బిళ్లలు అతికించి ఉంటాయి. బిళ్ల లేకుండా రెండు వెల్డింగ్ చుక్కలు మాత్రమే మెరుస్తూ కనిపిస్తే, రాయి తగిలి ఊడిపోయిందన్నమాట.

కొండదారి:
కడిగాను. బిళ్లలు ఉన్నాయి. రిమ్ముల్లో పెద్దగా ఏమీ లేదు. ఇక షాఫ్ట్ చూడటం ఎలాగో చెప్పండి.

గ్రీజుగన్:
మొదట ప్రాణం సంగతి. చక్రాలకు నాలుగు వైపులా అడ్డాలు పెట్టు. జాకీ మీద నమ్మకం పెట్టుకుని కిందకి దూరకు, స్టాండ్లు వెయ్యి. ఇంకొకటి, చాలామందికి తెలియనిది: కొన్ని బండ్లలో, ముఖ్యంగా పాత ల్యాండ్ రోవర్లలో, హ్యాండ్‌బ్రేక్ చక్రానికి ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు (గేర్‌బాక్స్ నుంచి శక్తిని ముందు, వెనక షాఫ్టులకు పంచే పెట్టె) వెనక షాఫ్ట్‌కి ఉంటుంది. ఆ షాఫ్ట్ విప్పావో, హ్యాండ్‌బ్రేక్ లాగి ఉన్నా బండి దొర్లిపోతుంది. గేరులో వేసి ఉన్నా అంతే.

ఇప్పుడు గేరు న్యూట్రల్‌లో పెట్టి షాఫ్ట్‌ని ఒక చేత్తో, పినియన్ ఫ్లాంజ్‌ని (షాఫ్ట్ వెనక చివర బిగించే డిఫరెన్షియల్ మూతిని) ఇంకో చేత్తో పట్టుకుని ఎదురెదురుగా తిప్పు. తర్వాత పైకీ కిందకీ లాగు. క్రాస్ కాళ్లకు తొడిగే బేరింగ్ కప్పు దగ్గర వెంట్రుకంత కదలిక కనబడినా ఆ జాయింట్ పోయినట్టే. మంచి జాయింట్‌లో లూజు అసలు ఉండదు. కప్పుల చుట్టూ ఎర్రటి పొడి ఉందేమో చూడు. ఫ్లాంజ్ కూడా పైకి కిందకి కదులుతుంటే అది పినియన్ బేరింగ్, దాని కథ వేరు. పినియన్ నట్టు మాత్రం "కాస్త బిగిద్దాం" అని ముట్టుకోకు. లోపల నలిగే స్లీవ్ ఉన్న డిఫరెన్షియల్ అయితే ఎక్కువ బిగిస్తే బేరింగులు పోతాయి.

కొండదారి:
దొరికింది అన్నా. ట్రాన్స్‌ఫర్ కేసు వైపు జాయింట్‌లో లూజు ఉంది, రెండు కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి. పినియన్ వైపు లూజు లేదు కానీ చేత్తో తిప్పుతుంటే ఒక్కో చోట పట్టుకుని వదులుతోంది. పినియన్ ఫ్లాంజ్ గట్టిగానే ఉంది.

గ్రీజుగన్:
పట్టి వదలడం కూడా అరుగుదలే. రెండూ మార్చు. విప్పే ముందు సున్నమో పెయింటో తీసుకుని ఫ్లాంజ్ మీద, షాఫ్ట్ మీద, స్ప్లైన్ (షాఫ్ట్ పొడవు మారేలా ఒకదానిలో ఒకటి జారే పళ్ల జోడు) రెండు ముక్కల మీద గీతలు పెట్టు. ఏది ఎలా ఉందో మళ్లీ అలాగే ఎక్కాలి.

లేతుపని:
క్రాస్ మార్చేటప్పుడు నేను రోజూ చూసే తప్పులు రాస్తాను.

లాక్ క్లిప్పులు తీశాక సుత్తితో యోక్ (క్రాస్‌ని పట్టుకునే రెండు చెవుల ముక్క) చెవుల మీద బాదేస్తారు. చెవి కొంచెం వంగినా కొత్త జాయింట్ బిగుసుకుపోతుంది, నెలలో పోతుంది. బెంచ్ వైస్‌లో పెట్టి ఒకవైపు చిన్న సాకెట్, రెండోవైపు కప్పు దూరేంత పెద్ద సాకెట్ పెట్టి మెల్లగా నొక్కండి. గొట్టాన్ని మాత్రం వైస్‌లో బిగించకండి, నొక్కు పడుతుంది.

కొత్తది ఎక్కించేటప్పుడు కప్పులో నీడిల్స్ (సూదుల్లాంటి సన్నటి రోలర్లు) అన్నీ నిలువుగా గోడకు ఆనుకుని ఉన్నాయో లేదో చూడండి. ఒక్క నీడిల్ పడిపోయి అడుగున అడ్డం పడిందంటే కప్పు పూర్తిగా దిగదు, క్లిప్పు గాడిలో కూర్చోదు. అప్పుడు చాలామంది క్లిప్పుని కొట్టి కూర్చోబెట్టాలని చూస్తారు. కూర్చోలేదంటే కప్పు తీసి చూడాల్సిందే. నీడిల్స్‌కి కాస్త గ్రీజు పూస్తే పడిపోకుండా అతుక్కుని ఉంటాయి. క్రాస్ కాలును ముందు కప్పులోకి కొంచెం దూర్చి, అప్పుడు రెండో వైపు నుంచి నొక్కండి.

అన్నీ అయ్యాక జాయింట్ అన్ని వైపులా చేతి వేళ్లతో తిరగాలి. బిగుసుకుని ఉంటే, యోక్ చెవి పక్కన రాగి సుత్తితో ఒక్క చిన్న దెబ్బ. కప్పు కొంచెం బయటకి జరిగి క్లిప్పుకి ఆనుకుంటుంది, జాయింట్ వదులవుతుంది.

బురదలోబండి:
గ్రీజు నిపుల్ (గ్రీజు గన్ పెట్టే మూతి) ఉన్న క్రాస్ తీసుకోవాలా, సీల్ చేసింది తీసుకోవాలా? ఇద్దరు మెకానిక్కులు రెండు రకాలుగా చెప్పారు.

లేతుపని:
నా మాట సీల్ చేసిందే. నిపుల్ ఉన్న క్రాస్ లోపల గ్రీజు పోవడానికి రంధ్రాలు వేస్తారు, అక్కడే విరగడం నేను చూశాను. రాళ్ల మీద ఎక్కించే బండికి గట్టి క్రాస్ కావాలి.

గ్రీజుగన్:
ఇక్కడ నేను ఒప్పుకోను. వాగులు దాటే బండికి నిపుల్ ఉండాల్సిందే. వేడెక్కిన జాయింట్ చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి చల్లారి కుంచించుకుపోయి సీలు పక్క నుంచి నీళ్లు లాక్కుంటుంది. నిపుల్ ఉంటే ఆ రాత్రే గ్రీజు కొట్టి ఆ నీళ్లు బయటకి తోసేయొచ్చు. సీల్ చేసిన దానిలో నీళ్లు అక్కడే ఉండిపోతాయి. రాళ్లు ఎక్కే వాళ్లకు మీరు చెప్పింది సరే. నీళ్లలో తిరిగే వాళ్లకు నాది. గ్రీజు లిథియం, ఎక్కువ ఒత్తిడికి పనికొచ్చేది, రెండో నంబరు. నాలుగు కప్పుల నుంచీ పాత గ్రీజు పోయి కొత్తది కనబడేదాకా కొట్టాలి. మూడింటి నుంచి వచ్చి ఒకదాని నుంచి రాలేదంటే ఆ కప్పు ఎండిపోతోందని అర్థం.

కొండదారి:
రెండు రోజులు పట్టింది, నిపుల్ ఉన్నవే వేశాను. పాత క్రాస్ చేతిలో పట్టుకుని చూస్తే బాధేసింది. ఒక కప్పు లోపల గ్రీజు బదులు కారప్పొడి లాంటి తుప్పు. క్రాస్ కాలి మీద నీడిల్స్ ఆనిన చోటల్లా పక్కపక్కనే గాళ్లు పడ్డాయి, దువ్వెన పళ్లు అచ్చు గుద్దినట్టు. గోరు పెట్టి అడ్డంగా గీస్తే ఒక్కో గాడిలో తట్టుకుంటూ వెళ్తోంది. ఒక వైపే అంత లోతుగా ఉంది, వెనక వైపు దాదాపు నున్నగానే ఉంది.

కానీ అసలు విషయం: అదురు పెరిగింది! ఇప్పుడు 40 నుంచే మొదలవుతోంది. "టక్" పోయింది, కిచకిచ పోయింది, అదురు మాత్రం రెట్టింపు. కొత్త జాయింట్లు పాడైనవా?

లేతుపని:
ఒకవైపే గాళ్లు పడటం సహజమే, బండి ముందుకు లాగేటప్పుడు ఆ వైపే బరువు పడుతుంది. ఇక అదురు 40కే దిగిందంటే, స్ప్లైన్ ఎలా ఎక్కించారు? షాఫ్ట్ ఒక చివర నుంచి రెండో చివరకి చూస్తే రెండు యోక్‌ల చెవులూ ఒకే వరసలో ఉన్నాయా?

కొండదారి:
గీతలు పెట్టాను కానీ స్ప్లైన్ ముక్క డీజిల్‌తో కడిగేటప్పుడు పెయింట్ పోయింది. ఇప్పుడే కిందకి దూరి చూశాను. ముందు చెవులు పడుకుని ఉంటే వెనక చెవులు ఏటవాలుగా ఉన్నాయి. రెండు పళ్లు జరిగినట్టున్నాయి.

లెక్కలమనిషి:
అదే మీ కొత్త అదురు. ఎందుకో చెప్తాను, ఇది అర్థమైతే మిగతా పని తేలిక.

కోణంలో ఉన్న ఒక జాయింట్ ఒకే వేగంతో తిప్పదు. లోపలికి వచ్చే వేగం నిలకడగా ఉన్నా, బయటకి వెళ్లే వేగం ఒక చుట్టులో రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. 10 డిగ్రీల కోణంలో ఆ హెచ్చుతగ్గు అటూ ఇటూ ఒకటిన్నర శాతం, 20 డిగ్రీల దగ్గర ఆరు శాతం. అందుకే షాఫ్ట్‌కి రెండో జాయింట్. మొదటిది పెంచిన చోట రెండోది తగ్గిస్తుంది, చివరకి పినియన్ నిలకడగా తిరుగుతుంది. ఇది జరగాలంటే రెండు షరతులు: గొట్టానికి ఉన్న రెండు యోక్‌ల చెవులు ఒకే వరసలో ఉండాలి, రెండు జాయింట్ల కోణాలూ సమానంగా ఉండాలి. మీది మొదటి షరతు తప్పింది. అప్పుడు రెండో జాయింట్ మొదటిదాన్ని పూర్తిగా సరిచేయలేదు. చెవులు పావు చుట్టు తేడాగా ఉంటే అసలు సరిచేయదు సరికదా, హెచ్చుతగ్గు ఇంకా పెరుగుతుంది.

కొండదారి:
స్ప్లైన్ తీసి చెవులు వరసలో పెట్టి ఎక్కించాను. 40 దగ్గర అదురు మాయం. చాలా థ్యాంక్స్. కానీ పాత అదురు అక్కడే ఉంది, 65 నుంచి 80 దాకా, యాక్సిలరేటర్ తొక్కితే ఎక్కువ. ముందంత భయంకరంగా లేదు. బ్యాలెన్స్ చేయించాలా?

ఎర్రమట్టి:
బ్యాలెన్స్ అనుమానం ఉంటే ఇంట్లోనే చూడొచ్చు. నా బండికి చేశాను. పైపులకు వాడే స్క్రూ క్లిప్పులు రెండు తీసుకుని షాఫ్ట్ వెనక చివర బిగించి, స్క్రూ తలలు ఒక వైపుకి పెట్టి నడపండి. తర్వాత పావు చుట్టు జరిపి మళ్లీ నడపండి. నాలుగు చోట్లా చూస్తే ఎక్కడో ఒకచోట తగ్గుతుంది. ఏ చోట పెట్టినా ఏమీ మారకపోతే బ్యాలెన్స్ కాదు.

లెక్కలమనిషి:
దానికంటే ముందు కోణాలు కొలవండి, ఖర్చు లేని పని. బండి సమతలంగా ఉన్న చోట, నాలుగు చక్రాల మీద నిలబెట్టాలి. జాకీ మీద కొలిస్తే కమాన్లు వేలాడి అంతా తప్పు వస్తుంది. ఫోన్‌లో కోణం చూపే యాప్ చాలు. మూడు చోట్ల కొలవండి: ట్రాన్స్‌ఫర్ కేసు ఫ్లాంజ్, షాఫ్ట్ గొట్టం, పినియన్ ఫ్లాంజ్.

కొండదారి:
కొలిచాను, మూడుసార్లు. ట్రాన్స్‌ఫర్ కేసు వెనక్కి 3 డిగ్రీలు వాలింది. షాఫ్ట్ 14 డిగ్రీలు. పినియన్ 9 డిగ్రీలు, ముక్కు పైకి.

లెక్కలమనిషి:
ముందు జాయింట్ 14లో నుంచి 3 తీస్తే 11. వెనక జాయింట్ 14లో నుంచి 9 తీస్తే 5. ఒకటి 11, ఒకటి 5. 11 వర్గం 121, 5 వర్గం 25, తేడా 96, దాని వర్గమూలం 9.8. అంటే మీ బండికి 9.8 డిగ్రీల కోణంలో ఒకే ఒక జాయింట్ బిగించినంత హెచ్చుతగ్గు పినియన్‌కి చేరుతోంది. ఇది 3 లోపు ఉంటే మంచిది. కమాన్ కింద చీలికలు (యాక్సిల్‌ని వాల్చే ఏటవాలు ఇనుప ముక్కలు) వేశారా?

కొండదారి:
అవును! లిఫ్ట్ కిట్‌తో పాటు 6 డిగ్రీల చీలికలు వచ్చాయి. "పినియన్ ముక్కు షాఫ్ట్ వైపు చూడాలి" అని చెప్పి వేశారు.

గ్రీజుగన్:
ఆ మాట సగమే నిజం. ట్రాన్స్‌ఫర్ కేసు చివర జంట జాయింట్ (రెండు క్రాసులు పక్కపక్కనే ఉన్నది) ఉన్న షాఫ్ట్ అయితే పినియన్ ముక్కు షాఫ్ట్ వైపే చూడాలి, ఎందుకంటే హెచ్చుతగ్గు ఆ జంటలోనే సరిపోతుంది, వెనక జాయింట్ దాదాపు తిన్నగా ఉండాలి. నీది రెండు మామూలు జాయింట్ల షాఫ్ట్. నీకు పినియన్, ట్రాన్స్‌ఫర్ కేసు రెండూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. ఈ తేడా తెలియక వేసిన చీలికలు ఎన్ని బండ్ల షాఫ్టులు తినేశాయో. తీసెయ్యి.

బురదలోబండి:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. నాకు జంట జాయింట్ ఉంది. దానిలో కూడా కిచకిచ వస్తోంది, క్రాసులు రెండూ గట్టిగా ఉన్నాయి.

లేతుపని:
రెండు క్రాసుల మధ్యలో కేంద్రం నిలబెట్టే చిన్న బంతీ, దాని గిన్నే ఉంటాయి. అది అరిగినా, ఎండినా శబ్దం వస్తుంది. దానికి గ్రీజు సన్నటి సూది మూతి ఉన్న గన్‌తోనే పోతుంది, అందుకే అందరూ వదిలేస్తారు. ముందు గ్రీజు కొట్టి చూడండి, గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు.

కొండదారి:
చీలికలు తీశాను. ఇప్పుడు పినియన్ 3, షాఫ్ట్ 14.5. రెండు జాయింట్లూ 11.5. అదురు 80 శాతం పోయింది. కానీ 75 దగ్గర సన్నగా జుమ్ మని ఇంకా ఉంది, పాదానికి తెలుస్తోంది.

లెక్కలమనిషి:
సమానంగా ఉన్నా 11.5 ఎక్కువే. పినియన్ నిలకడగా తిరుగుతుంది కానీ మధ్యలో గొట్టం మాత్రం చుట్టుకు రెండుసార్లు వేగం పెంచుకుంటూ తగ్గించుకుంటూనే ఉంటుంది. దాని బరువు అలా కొట్టుకుంటుంది. కోణాన్నే తగ్గించాలి. ట్రాన్స్‌ఫర్ కేసు కింద అడ్డ బీముకి, ఛాసిస్‌కి మధ్య 25 మిల్లీమీటర్ల స్పేసర్లు వేసి కిందకి దించండి. దించాక గేర్ లివర్లు, ఫ్యాన్, రేడియేటర్ పైపులు ఎక్కడైనా తగులుతున్నాయేమో చూసుకోండి, ఇంజిన్ కూడా కొంచెం వాలుతుంది.

గ్రీజుగన్:
స్ప్లైన్ ఎంత లోపల ఉందో కూడా చూడు. లిఫ్ట్ చేశాక అది బయటకి జరుగుతుంది. చక్రం గుంటలో పూర్తిగా వేలాడినప్పుడు పళ్లు కొద్ది పొడవు మాత్రమే పట్టుకుని ఉంటే ఏదో ఒక రోజు ఊడి వస్తుంది.

బురదలోబండి:
పాదానికి సన్నగా తెలిసేదే కదా, అలా వదిలేస్తే ఏమవుతుంది?

గ్రీజుగన్:
ఆ సన్నటి అదురే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక బేరింగ్‌ని, ఆయిల్ సీలుని, పినియన్ సీలుని రోజూ కొడుతుంది. సీలు కారడం మొదలై, ఆయిల్ తగ్గి, డిఫరెన్షియల్ పోయేదాకా వెళ్తుంది. షాఫ్ట్ నడుస్తుండగా ముందు జాయింట్ తెగితే ఆ చివర రోడ్డులో గుచ్చుకుని బండి లేస్తుంది. నేను ఒకసారి ఫ్లోర్‌కి రంధ్రం పడ్డ బండి చూశాను. అప్పటి నుంచి నా బండికి షాఫ్ట్ ముందు చివర చుట్టూ ఇనుప కడ్డీ ఉచ్చులా వేయించాను.

కొండదారి:
స్పేసర్లు వేశాను. కొలతలు: ట్రాన్స్‌ఫర్ కేసు 4, షాఫ్ట్ 13, పినియన్ 3. ముందు 9, వెనక 10. ఒక డిగ్రీ తేడా ఉంది, చిన్న చీలిక వేయాలా?

లెక్కలమనిషి:
వద్దు, వదిలేయండి. కమాన్ కట్టల బండిలో లోడ్ పడితే యాక్సిల్ మెలితిరిగి పినియన్ ముక్కు ఒకటి రెండు డిగ్రీలు పైకి లేస్తుంది. నిలబడి ఉన్నప్పుడు ఒక డిగ్రీ కిందకే ఉండటం మంచిది, లాగేటప్పుడు అదే సమానం అవుతుంది.

కొండదారి:
నిన్న పూర్తిగా నడిపి చూశాను. 60, 70, 80, 90. యాక్సిలరేటర్ తొక్కి, వదిలి, న్యూట్రల్‌లో, అన్ని రకాలుగా. అద్దంలో వెనక వస్తున్న లారీ నంబరు చదవగలిగాను. ఆరు నెలల తర్వాత మొదటిసారి మా ఆవిడ వెనక సీట్లో నిద్రపోయింది.

గ్రీజుగన్:
సంతోషం తమ్ముడూ. ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక ఫ్లాంజ్ బోల్టులు మళ్లీ బిగించి చూడు.

కొండదారి:
చూశాను అన్నా. పినియన్ వైపు నాలుగింటిలో ఒకటి పావు చుట్టు తిరిగింది. మిగతావి గట్టిగానే ఉన్నాయి. పాత నట్లే మళ్లీ వాడాను, అందుకేనా?

లేతుపని:
అందుకే. లాకింగ్ నట్లు ఒకసారి విప్పితే పట్టు తగ్గుతుంది. నాలుగూ కొత్తవి వేయండి, అవి బిగించాక ప్రతి నట్టు మీద నుంచి ఫ్లాంజ్ దాకా పెయింట్‌తో ఒక గీత పెట్టండి. గ్రీజు కొట్టడానికి కిందకి దూరినప్పుడల్లా గీత విరిగిందో లేదో ఒక్క చూపులో తెలిసిపోతుంది.